ఒక్క చుక్క కూడా ఇంకని ఇంకుడుగుంత

పోయిన నెల మా కొత్తింటి ఫైనల్ ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన మున్సిపాలిటీ సారు, పెరట్లో ఇంకుడుగుంత అంచున నిలబడి గుంతనూ నన్నూ మార్చి మార్చి చూసినాడు. మెచ్చుకోవడానికి మాటలు వెతుక్కుంటున్నాడనుకున్నాను. నవ్వేవాళ్లు నవ్వండి. నాకు మాత్రం ఆ సంగతి ఇంకా తలకెక్కలేదు.

ఆ సారు పాస్ చేస్తేనే ఇంటికి కరెంటు మీటరు. మీటరు వస్తేనే మేము ఇంట్లో దిగేది. బాడుగింటి ఓనరమ్మ అప్పటికే వేరేవాళ్లకు మాటిచ్చేసింది, సోమవారానికి ఖాళీ చెయ్యాల. మా ఆయన లారీతో లోడుకు పోయినాడు. అంతా నా నెత్తినే పడింది.

అంతకుముందొకసారి సారు వచ్చి చూసిపోయినాడు. చిన్న వయసు, మర్యాదగానే మాట్లాడతాడు.

"పిట్టగోడకు ప్లాస్టరింగ్ కాలేదమ్మా. మెట్ల కింద కాలేదు. బాత్రూం బయటి గోడకూ కాలేదు. వెనక ఇంకుడుగుంత లేదు. ఇవన్నీ చేయించండి, పాస్ చేస్తా."

నా చెవిలో పడింది ప్లాస్టరింగ్ ఒక్కటే.

ఓబులేసు మేస్త్రీ మనుషుల్ని పెట్టి గోడల పని ముగించినాడు. పెరట్లో గుంత తవ్వించి, అడుగున కంకర, ఇసక పోయించి, "అయిపోయిందక్కా" అన్నాడు. పోయి చూస్తే చుట్టూ పచ్చి మట్టి, కింద రాళ్లు. ఎవరో పని మధ్యలో వదిలేసి టీకి పోయినట్లుంది.

"ఇదేందప్పా, ఇట్ల వదిలేస్తే సారు ఒప్పుకుంటాడా? ప్లాస్టరింగ్ చెయ్యి."

"ఇంకుడుగుంతకు ప్లాస్టరింగ్ యాడన్నా చేస్తారా అక్కా?"

"మెట్ల కింద ఎవరు చూస్తారు? దానికే ఆపినాడు. దీన్ని ఊరికే వదులుతాడా?"

ఓబులేసు తల గోక్కున్నాడు. "మీ ఇల్లు, మీ ఇష్టం. రేపు నన్ననొద్దు."

కంకర ఎత్తించినాం. అడుగుకు కాంక్రీటు, చుట్టూ ప్లాస్టరింగ్, దాని మీద సిమెంటు పాలు. మొదలుపెట్టినాక ఓబులేసుకూ హుషారొచ్చింది. మా కళ్యాణదుర్గంలో ఇల్లు కట్టేవాళ్లు ముందు నీళ్ల సంపు కడతారు, తర్వాతే గోడలు లేపుతారు. కొళాయి ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చినప్పుడే పట్టి దాచుకోవాల. సంపు కారకుండా కట్టేవాడే మాకు మేస్త్రీ.

"నా చేతి సంపు ఇంతవరకు ఒక్కటి కారలేదక్కా" అన్నాడు గుంతలోంచి తల పైకెత్తి.

కట్టినాక పరీక్ష చూసుకోవాల కదా. ట్యాంకరు తెప్పించి గుంత నిండా నీళ్లు పట్టించినాను. నీళ్లు ఎంతవరకు ఉన్నాయో బొగ్గుతో గీత గీసి, వచ్చినప్పుడల్లా వంగి చూసినాను. గీత గీసిన కాడే ఉన్నాయి. మనసుకు నిమ్మళమైంది.

శనివారం పొద్దున సారు వచ్చినాడు. పిట్టగోడ చూసినాడు, మెట్లు చూసినాడు, తలూపినాడు. పెరట్లోకొచ్చి, "ఇంకుడుగుంత ఎక్కడమ్మా?" అన్నాడు.

"ఇదే సార్."

"నీళ్లున్నాయే?"

"మొన్న నింపినాం సార్. ఒక్క చుక్క ఇంకలేదు."

గట్టిగానే చెప్పినాను. సారు గుంతను చూసినాడు. నన్ను చూసినాడు. మళ్లా గుంతను చూసినాడు. పక్కన ఓబులేసు తన చెప్పులు చూసుకుంటా ఉన్నాడు.

"అమ్మా, ఇంకాలి" అన్నాడు సారు మెల్లగా.

"ఏమి ఇంకాల సార్?"

"నీళ్లు. వాన నీళ్లు భూమిలోకి పోవడానికే కదా ఈ గుంత."

నాకు తెలియని మాట కాదు. కానీ ఆ నిమిషం ఏమీ తోచలేదు. నీళ్లు పోగొట్టుకోవడానికి గుంత తవ్వాలా?

"మరి ప్లాస్టరింగ్ సార్?"

"ప్లాస్టరింగ్ చాలా బాగుంది. అందుకే పాస్ చేయలేను."

సోమవారం సంగతి, ఓనరమ్మ సంగతి ఏదో తడబడి చెప్పినాను. సారు వాచీ చూసుకున్నాడు.

"ఇంకో సైటు చూసి వస్తా. ఆలోపల అడుగు పగలగొట్టించండి, ఫోటో తీసుకుంటా. ఈరోజు తప్పితే మళ్లీ వచ్చే నెలే."

ఓబులేసు గడ్డపార తెచ్చినాడు. నేను అడ్డం పోయినాను. "ఆగప్పా, నీళ్లుండాయి."

మంచి నీళ్లు. చూస్తా చూస్తా మట్టిపాలు ఎట్ల చేసేది? ఎదురింటి లక్ష్మీదేవిని కేకేసినాను. ఆమె బిందెతో వచ్చింది, ఆమె వెనకాల వీధంతా వచ్చింది.

"ఏం వదినా, ఎలక్షన్లో నిలబడతాండావా? ఊరికే నీళ్లు పోస్తాండావు" అన్నది లక్ష్మీదేవి.

"ఇంకుడుగుంత నీళ్లులే, పట్టుకోండి."

"ఇంకుడుగుంతలో నీళ్లెట్లుంటాయి?"

బిందె ముంచిన ప్రతి ఒక్కరూ అదే అడిగినారు. నేను బిందెలు అందుకుంటా పోయినాను.

సారు తిరిగొచ్చేసరికి మోకాలి లోతు మిగిలింది. "ఇంకో రెండు బిందెలు సార్" అన్నాను.

"అమ్మా, వదిలేయండి" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, జాలి ఉంది. దానికే నాకు ఎక్కువ సిగ్గేసింది.

ఓబులేసు నీళ్లలోకి దిగి గడ్డపార వేసినాడు. అడుగు కదల్లేదు. మళ్లా వేసినాడు. "చూసినావా అక్కా, ఎంత గట్టిగా ఉండాదో" అన్నాడు, చెమట తుడుచుకుంటా. ఆ మనిషికి ఏడుపూ గర్వమూ ఒకేసారి వచ్చినట్లుంది. చివరికి ఒక మూల పెచ్చు లేచింది. నీళ్లు ఒక చుట్టు తిరిగి, గుటకేసినట్లు లోపలికి పోయినాయి. బిందెలు పట్టుకున్న ఆడవాళ్లంతా గుంత అంచుకు వచ్చి తొంగిచూసినారు.

"ఇంటి ఓనర్ గుంత పక్కన నిలబడాలి" అన్నాడు సారు ఫోన్ ఎత్తి. "ఆ బిందె దించండమ్మా."

దించినాను. పాస్ చేసినాడు. సోమవారం మీటరు పడింది, సాయంత్రానికి సామాన్లు దించుకున్నాం. ఓబులేసు మిగిలిన అడుగంతా తీసేసి, గోడలకు బొక్కలు కొట్టి, ఎత్తించిన కంకరే మళ్లా పోసిపోయినాడు.

నిన్న మధ్యాహ్నం వాన పడింది. ఎన్నాళ్లకో పడిన వాన. మేడ మీది నీళ్లన్నీ పైపులో దబదబా దిగి గుంతలోకి పోతుంటే కిటికీలోంచి చూసి సంబరపడినాను. తెరిపివ్వగానే చెప్పులు కూడా వేసుకోకుండా పెరట్లోకి పోయి వంగి చూసినాను. గుంతలో చుక్క లేదు. ఫోన్ చేతిలోనే ఉంది.

"ఓబులేసూ, గుంత కారతాందప్పా. ఉన్నపళంగా రా."

"కారనీలే అక్కా" అన్నాడు.