చౌడక్క పెట్టని నిమ్మకాయ

మా పెనుకొండ కొండ మీద నిధి కోసం తవ్విన గుంత లేని చోటు చూపిస్తే, చూపించినవాడికి దండం పెడతాను. పాత రాజులు ఏదో దాచిపోయారని ఎవడో చెబుతాడు. ఇంకెవడో రాత్రికి రాత్రి గడ్డపార ఎత్తుకుని వచ్చి, పసుపు కుంకుమ చల్లి, నిమ్మకాయ పెట్టి తవ్వుతాడు. కొండను తవ్వి ఎలుకను పట్టిన సామెతే గానీ, వీళ్ళకు ఆ ఎలుక కూడా దొరకలేదు. గుంతలు మాత్రం పూడ్చకుండా పోతారు, దరిద్రులు.

అట్లాంటి గుంతలోనే చౌడక్క మొగుడు సంజీవప్ప పోయాడు. తొంభై ఆరులో, తప్పిపోయిన గొర్రెపిల్లను వెతుకుతూ కంపచెట్ల మధ్య కాలు పెట్టాడు. మర్నాడు వెతికి చూసింది చౌడక్కే. గొర్రెలు అమ్మెయ్యమని అందరం చెప్పాం. అమ్మితే ఏం తినాలి? అదే మందను అదే కొండకు తోలింది, దోటికర్రతో ముందు నేలను పొడిచి చూసుకుని అడుగు వేస్తూ. ఆమెకు ధైర్యం ఎక్కువని ఊళ్ళో అనేవాళ్ళు.

"ధైర్యమా పాడా. దినామూ భయమే. భయంతోనే పోయొస్తాండా" అనేది మా అమ్మతో.

రెండు వేల ఆరులో హిందూపురం నుంచి జోసెఫ్ సార్ వచ్చాడు, బడిలో చరిత్ర చెప్పే ఆయన. కోట చూపిస్తే పిల్లలు ఐదు నిమిషాలకే ఐస్‌క్రీం అడుగుతున్నారని ఒక ఆట కనిపెట్టాడు. ఆదివారం కుటుంబాలు పిల్లలతో కొండెక్కుతాయి. మండపంలో ఒక రాయి కింద చీటీ ఉంటుంది. 'ఏనుగు తొండం ఎటు తిరిగిందో అటు పో' అని అందులో రాసి ఉంటే, రాతిలో చెక్కిన ఏనుగును వెతుక్కోవాలి. అక్కడ ఇంకో చీటీ. ఆఖరున చాక్లెట్ల డబ్బా, అదే నిధి. ఆటలో పడి పిల్లలు కోటంతా చూసేవాళ్ళు. చీటీలు దాచే పని సార్ చౌడక్కకు అప్పజెప్పాడు.

ఆమె ఏ రాయినీ ఊరికే కదిలించేది కాదు. పసుపు కుంకుమ పెట్టి, పక్కన నిమ్మకాయ ఉంచి, దండం పెట్టుకుని అప్పుడు ఎత్తేది. ఎందుకక్కా అని సార్ అడిగాడు.

"అడక్కుండా రాయి ఎత్తితే కొండ తల్లి ఊరుకుంటాదా సార్? ఎవురో ఎత్తినారు, నా మొగుడు పోయినాడు."

పిల్ల పిడుగులు వారం తిరగకుండా కనిపెట్టేశారు. చీటీ చదివే పని మానేసి, నిమ్మకాయ ఎక్కడ కనపడితే అక్కడికి పరుగు. మేమందరం అది చూసి నవ్వుకున్నాం.

ఆ ఆదివారం ధర్మవరం నుంచి సంగీత తన కూతురు అశ్వినిని తీసుకొచ్చింది. రెండో తరగతి పిల్ల. ఎండ ఎక్కేసరికి ఆట ముగిసి, పిల్లలంతా డబ్బా చుట్టూ మూగారు. అశ్విని లేదు.

మొదట ఎవరం కంగారు పడలేదు. మండపం వెనక చూశాం. పిలిచాం. గట్టిగా పిలిచాం. బండలకు తగిలి మా గొంతులే వెనక్కి వచ్చాయి. సంగీతకు చెప్పులు తొడుక్కోవడం కూడా చేతకాలేదు. అంతలో ఒక చిన్నపిల్ల పడమటి కంపల వైపు చెయ్యి చూపింది. "అశ్విని ఆ పక్కకు పోయింది ఆంటీ. ఆడ నిమ్మకాయ ఉండాదని పోయింది."

చౌడక్క దోటికర్ర అందుకుంది. "ఆ పక్క నేను పెట్టలేదే" అంది.

అయితే అది నిధి కోసం తవ్వేవాళ్ళు పెట్టిన నిమ్మకాయ. అందరం అటు పరుగెత్తాం. కంపల సందులో కొత్త మట్టి కుప్ప, దాని మీద కుంకుమ, పక్కన నల్లగా నోరు తెరిచిన గుంత. అంచున అశ్విని చెప్పు ఒకటి పడి ఉంది. సంగీత ముందుకు ఉరకబోతే చౌడక్క రెక్క పట్టి లాగింది.

"అడుగెయ్యొద్దు తల్లీ. అంచు ఇరిగితే నీ బిడ్డ మీదనే పడతాది."

దోటికర్రతో నేల పొడిచి చూసి, బోర్లా పడుకుని అంచుదాకా పాకింది. జోసెఫ్ సార్ ఆమె కాళ్ళు పట్టుకున్నాడు. అక్కడిదాకా వెళ్ళి ఆమె కళ్ళు మూసుకుంది. సంజీవప్పను చూసింది కూడా ఇట్లా పడుకునే కదా.

"నేను చూడలేను సార్" అంది.

ఆ మాటకు సంగీత కూలబడింది. చౌడక్క కళ్ళు తెరవకుండానే "పాపా" అని పిలిచింది. జవాబు లేదు. "అశ్వినీ" అంది మళ్ళీ.

"అవ్వా, ఈడ చీటీ లేదు" అని లోపలి నుంచి ఏడుపు గొంతు వినపడింది.

చీరలు ముడేసి జోసెఫ్ సార్‌ను దించాం. మెత్తని మట్టి మీద పడడంతో పాపకు కాలు బెణికి ఊరుకుంది. పైకి వచ్చాక కూడా పాప గుప్పిట్లో ఆ నిమ్మకాయ అట్లాగే ఉంది. చౌడక్క దాన్ని మెల్లగా విడిపించి గుంతలోకి విసిరేసింది. మండపాల దగ్గర తను పెట్టినవన్నీ ఏరుకొచ్చి అందులోనే వేసింది. అందరం కలిసి గుంత పూడ్చాం.

"ఇంక నోటితోనే చెప్పుకుంటా. తల్లికి చెవులు ఉండాయి" అంది.

ఆట మళ్ళీ మొదలైంది. చౌడక్కే చీటీలు దాస్తుంది. కానీ మా ఇంటికి వచ్చినప్పుడల్లా, కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని అదే మాట అడుగుతుంది. "పాప పలికింది కాబట్టి సరిపోయె. పలక్కుంటే?"

మా అమ్మ గ్లాసులో ఇంకాస్త కాఫీ పోస్తుంది.