నేను కూడదన్న పాట

మస్కట్‌లో దార్సైట్ నుంచి అజైబాలోని ఆఫీసుకు రోజూ ఒక్కదాన్నే కారు నడుపుకుంటూ వెళ్తాను. ఆ కాసేపూ నేనేం వింటానో మా ఆయనకు కూడా సరిగ్గా తెలియదు. నేను కాలేజీలో ఉన్నప్పుడు వచ్చిన స్పీడు డ్యూయెట్లు. కీబోర్డు మీద కొట్టిన డప్పు, మధ్యలో హీరోయిన్ కిలకిలలు, అర్థం గురించి ఆలోచించకపోతేనే మంచిదనిపించే చరణాలు. చిన్నప్పుడు ఇంట్లో ఇలాంటివి వినపడితే మా నాన్న రేడియో కట్టేసేవారు. నాకు పదేళ్లు సంగీతం చెప్పించారు ఆయన. ఇప్పుడు నేను శనివారాలు మా ఫ్లాట్‌లో పిల్లలకు కీర్తనలు నేర్పుతున్నాను. "ఈ సినిమా పాటల గోలలో పడకుండా ఉంటారనే మీ దగ్గరికి పంపిస్తున్నాం మేడమ్" అంటారు వాళ్ల అమ్మలు. నేను తల ఊపుతాను.

కిందటేడు ఇక్కడి తెలుగువాళ్లం పెట్టుకున్న పాటల పోటీకి నన్ను జడ్జిగా పిలిచారు. శుక్రవారం పొద్దున, ఒక అద్దె హాల్లో. పెద్దల విభాగంలో ఘాలా లేబర్ క్యాంపు నుంచి ఒకతను వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, నలభై దాటి ఉంటాయి, సైట్‌లో ఇనుప చువ్వలు కట్టే పని. మడతలు ఇంకా కనపడుతున్న కొత్త చొక్కా వేసుకున్నాడు. తోడొచ్చిన ఇద్దరు రూమ్మేట్లు కుర్చీలు ఖాళీగా ఉన్నా వెనక నిలబడ్డారు.

అతను ఎత్తుకున్నది నా కారులో ఉన్న పాటే. హాలుకు వస్తూ దాన్ని రెండుసార్లు విన్నాను. మగ గొంతూ తనే, ఆడ గొంతూ తనే. ఆడ గొంతు వచ్చినప్పుడల్లా కాస్త పక్కకు తిరిగి పాడాడు. కిలకిలా నవ్వాల్సిన చోట కూడా శ్రుతి తప్పలేదు. హాలంతా చప్పట్లు. బల్ల కింద నా కాలు తాళం వేస్తోంది. పక్కనున్న జడ్జి, పెద్దాయన, అది చూసి నవ్వేసరికి కాలు ఆపేశాను.

మైకు నా చేతికి వచ్చింది. మొదటి వరసలో నా దగ్గర నేర్చుకునే పిల్లల తల్లులు కూర్చున్నారు.

"గొంతు బాగుంది. కానీ పిల్లలున్న చోట ఏం పాడాలో చూసుకోవాలి కదండీ. ఇలాంటివి వేదిక మీద పాడే పాటలు కావు" అన్నాను.

చప్పట్లు ఆగిపోయాయి. అతను చేతులు జోడించాడు. "తప్పైంది మేడమ్. నాకు ఎర్కలేదు" అని దిగి వెళ్లిపోయాడు. ఫలితాలు చెప్పేదాకా ఆ ముగ్గురూ ఉండలేదు.

ఇక్కడ సెలవులు శుక్ర, శనివారాలు. ఆదివారం ఆఫీసుకు వెళ్తుంటే ఆ పాట వచ్చింది. పల్లవి అయ్యేలోపే నాకు ఆ జోడించిన చేతులు కనపడ్డాయి. ఇన్నేళ్లూ ఆ పాటలు వింటున్నందుకు సిగ్గుపడేదాన్ని. ఆ సిగ్గు ఇప్పుడు ఎంత చిన్నదిగా అనిపించిందో చెప్పలేను. వారం గడిచినా మనసు కుదుటపడలేదు. చివరికి పోటీ పెట్టినవాళ్లను అడిగి అతని నంబరు తీసుకుని, మధ్యాహ్నం భోజనాల వేళ ఫోన్ చేశాను.

"నేనండీ, ఆ రోజు పోటీలో జడ్జిని."

"చెప్పుండ్రి మేడమ్." వెనక ఏదో మిషను మోత. దూరంగా నడిచినట్టున్నాడు, మోత తగ్గింది.

"నేనలా అనకుండా ఉండాల్సింది. మీరు చాలా బాగా పాడారు."

"అయ్యో, మంచికే చెప్పిన్రు. రూమ్‌ల అందరు గా పాటనే అడుగుతుండె. ఇప్పుడు పాడుత లేను."

"ఆ పాట నా కారులో ఉందండీ. రోజూ వింటాను" అన్నాను.

అతను మామూలుగా అడిగాడు. "మరి గట్లెందుకన్నరు మేడమ్?"

కోపంగా అడిగినా బాగుండేది. తెలుసుకుందామనే అడిగాడు.

"అందరూ నన్నేమనుకుంటారోనని."

"అట్లనా" అన్నాడు. "అయితే అందరి ముంగట ఒక్కసారి చెప్పుండ్రి. ఆ దినం నాకన్న మా రూమోళ్లకే ఎక్కువ బాధైంది."

చెప్తానని మాటిచ్చాను. బహుమతుల సభ రెండు వారాల తర్వాత జరిగింది. అతనికీ రూమ్మేట్లకూ డ్యూటీ పడి ఎవరూ రాలేకపోయారు. నేను చెప్పాల్సినవి రెండు ముక్కలు, ఇంట్లో వల్లె వేసుకుని వెళ్లాను. మైకు పట్టుకుని, "ఆ రోజు నేను కూడదన్న పాట నాకు చాలా ఇష్టం. రోజూ కారులో వింటాను" అన్నాను.

హాలు గొల్లుమంది. "మేడమ్ కూడా భలే జోకులేస్తారు" అంది మొదటి వరసలోంచి ఒకావిడ. అతణ్ణి నేను అవమానించాను, అది నా తప్పు అన్న రెండో ముక్క నోటిదాకా వచ్చింది. కానీ ఆ నవ్వుల్లో నాకు హాయిగా ఉంది. నేనూ నవ్వేసి మైకు ఇచ్చేశాను.

సాయంత్రం అతనే ఫోన్ చేశాడు. "చెప్పిన్రా మేడమ్?"

"చెప్పానండీ."

"మేడమ్ చెప్పిందంటరా" అని రూమ్‌లో వాళ్లకు వినిపించేలా అన్నాడు. ఎవరో ఈల వేశారు. ఇంకెవరో పాడమన్నారు. ఫోన్ పెట్టెయ్యకుండానే అతను పాట అందుకున్నాడు, మగ గొంతూ ఆడ గొంతూ తనే. మిగతావాళ్లు దేని మీదో దరువేస్తున్నారు. నేను వంటింట్లో స్టవ్ కట్టేసి, పాటంతా నిలబడే విన్నాను. అయిపోయాక "ఎట్లుంది మేడమ్?" అని అడిగాడు. చాలా బాగుందన్నాను. ఆ సభలో ఎవరూ నన్ను నమ్మలేదని మాత్రం చెప్పలేదు.