ఫోన్‌లో వినిపించిన ఆమెన్

నాందేడ్‌లో పదేళ్లు సేవ చేశాక నన్ను గోదావరి నడుమ ఉన్న ఈ చిన్న దీవికి పంపారు. ఇక్కడి పాస్టరు నా చోటికి వెళ్లాడు. అయినా దీవిలో ఎవరికి జ్వరమొచ్చినా ఆయనకే ఫోన్ చేసేవారు. "మీరు చెయ్యి పెట్టుర్రి పాస్టరయ్యా, ప్రార్థన ఆయన జేస్తడు" అనేవారు. రోగి తల మీద చెయ్యి నాది, స్పీకర్‌లో గొంతు ఆయనది. నాకు కడుపు మండిపోయేది.

ఒకరోజు నాందేడ్ నుంచి మా పాత సంఘంలోని ముసలామె ఫోన్ చేసింది. "పానం బాగలేదయ్యా, మీరే ప్రార్థన జెయ్యిర్రి." అందరూ వినాలని రేవులోకొచ్చి గట్టిగా చేశాను. చివర ఆమె కంటే ముందు, రోజూ వినే ఆ గొంతే ఆమెన్ అంది. అక్కడ ఆమె తల మీద చెయ్యి పెట్టి నిలబడింది ఆయనే. నా ప్రార్థనంతటి కంటే ఆ ఒక్క మాటే బాగుంది.