దేవదానం అంకుల్ స్టేషన్ వ్యాగన్

మొన్న ఏప్రిల్‌లో ఇక్కడ టెక్సస్‌లో, మా ప్లేనోలో వడగళ్ళు పడి మా వ్యాన్ పైకప్పు అంతా గుంటలు పడింది. బాగుచేయించడానికి బాడీ షాపుకి తీసుకెళ్తే, ఆఫీసు గదిలో కూర్చోబెట్టి ఒక ఫారం నింపమన్నారు. నేను పేరు రాస్తుండగా ఎవరో వెనక తలుపు తెరిచారు. రంగుకి ముందు పూసే ప్రైమర్ తడి వాసన, దాని వెంటే థిన్నర్ ఘాటు గదిలోకి వచ్చాయి. చేతిలో పెన్ను ఆగిపోయింది. కౌంటర్ దగ్గరున్న అమ్మాయి నా కళ్ళలో నీళ్ళు చూసి, ఘాటుకి వచ్చాయనుకుని, సారీ చెప్పి గబగబా తలుపు మూసేసింది. ఇంకాసేపు తెరిచి ఉంచితే బాగుండుననిపించింది.

మా తెలుగు క్రైస్తవ సంఘంలోకి ఈమధ్య వచ్చినవాళ్ళకి దేవదానం అంకుల్ తెలియరు. నరసాపురం పక్క పల్లె నుంచి డెబ్బైల్లోనే అమెరికా వచ్చిన ఇంజనీరు. సంఘాన్ని మొదలుపెట్టిన ముగ్గురు పెద్దల్లో ఒకరు. నేను 2007లో పెళ్ళయి వినయ్‌తో ఇక్కడికి వచ్చేసరికి ఆయన రిటైరైపోయారు. నాది హెచ్-ఫోర్ వీసా, అంటే భర్తతో ఉండవచ్చు కానీ ఉద్యోగం చేయకూడదు. కాకినాడలో చదివిన మెకానికల్ ఇంజనీరింగ్ పెట్టె అడుగున ఉండిపోయింది. నాకున్నదల్లా ప్రార్థన. తణుకులో మా అమ్మ సండే స్కూలు నడిపేది. ఏడేళ్ళకే బైబిల్ వాక్యాలు అధ్యాయాలకు అధ్యాయాలు నాకు నోటికి వచ్చేవి. ఇక్కడ కొద్ది నెలల్లోనే జ్వరానికి, వీసా స్టాంపింగ్‌కి, పిల్లల పరీక్షలకి అందరూ నన్నే పిలిచి ప్రార్థన చేయించుకోవడం మొదలుపెట్టారు. దేవుడు వింటాడని అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. కానీ ఒకటి ఒప్పుకోవాలి. నన్ను పిలవడం నాకు ఇష్టంగా ఉండేది.

మరుసటి ఏడాది ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర అంకుల్ నా పక్కకొచ్చి కూర్చున్నారు.

"నువ్వు మెకానికల్ అంటగా?"

"అవునంకుల్. కానీ స్పానర్ ఎప్పుడూ పట్టుకోలేదు."

"కాకినాడోళ్ళు అంతేలే. సర్టిఫికెట్‌కి ఫ్రేమ్ కట్టించి ఊరుకుంటారు. శనివారం పాత బట్టలేసుకుని రా."

వెళ్ళి చూస్తే గరాజ్‌లో ఒక ఓడ ఉంది. డెబ్బైల నాటి అమెరికన్ స్టేషన్ వ్యాగన్. ఎంత పొడవంటే గరాజ్ తలుపు మూతపడక, వెనక భాగానికి టార్పాలిన్ కట్టారు. పక్కలకి చెక్కలా కనబడే ప్లాస్టిక్ పలకలు, సగం ఊడిపోయి ఉన్నాయి. మూడు వరుసల సీట్లు. చివరి వరుస వెనక్కి తిరిగి ఉంటుంది, అందులో కూర్చున్న పిల్లలు వెనకొచ్చే బళ్ళని చూస్తూ పోతారు. ఇంజను ఆయన అప్పటికే బాగుచేసేశారు. రంగు మాత్రం ఎక్కడా మిగల్లేదు, అంతా తుప్పే. ఆయన భార్య రూతమ్మ ఆంటీ టీ పట్టుకొచ్చి, "ఓక్లహోమాలో ఎవరి పొలంలోనో కోళ్ళు పడుకునే బండిని లాక్కొచ్చారు తల్లీ మీ అంకుల్. ఆ కోళ్ళని తెచ్చినా బాగుండేది, గుడ్లయినా పెట్టేవి," అంది.

"నీకేం తెలుసు రూతూ," అంటూ ఆయన నావైపు తిరిగారు. "మేం మొదట మూడు కుటుంబాలమమ్మా. అపార్ట్‌మెంట్‌లో పాటలు పాడితే పైవాళ్ళు నేలని తన్నేవాళ్ళు. మేనేజరు నోటీసిచ్చాడు. ఇంకేం చేస్తాం, అందరం మా వ్యాగన్ ఎక్కి, కిరాణా షాపు పార్కింగ్‌లో అద్దాలెత్తేసుకుని పాడుకున్నాం. తొమ్మిది మందిమి. పిల్లలు వెనక సీట్లోంచి వచ్చేపోయేవాళ్ళకి చేతులూపేవాళ్ళు. ఆ చలికాలమంతా అదే మా గుడి. ఇది అది కాదనుకో, దాని అక్కచెల్లెలు. అదే లేత ఆకుపచ్చ వెయ్యాలి దీనికి."

పిల్లలు కాలేజీకి వెళ్ళాక ఆ పాత బండిని అమ్మేశారట. అప్పటినుంచి ఎంత పెద్ద గుడిలో కూర్చున్నా తనకి కొంచెం ఇరుకుగానే ఉంటోందని నవ్వారు.

అసలు సంగతి ఆంటీ వంటగదిలో చెప్పింది. ఆయన రెండు కళ్ళలోనూ చూపు మధ్యలోంచి పోతోంది. కారు నడపడం అప్పటికే మానేశారు. ఇంకో ఏడాదికి మనిషి ముఖం గుర్తుపట్టలేకపోవచ్చని డాక్టరు అన్నాడు. "ఆ పచ్చ రంగు బండిని ఒక్కసారి కళ్ళతో చూసుకోవాలి రూతూ, తరవాత ఏమైనా ఫర్వాలేదు అంటున్నారు. దేవుణ్ణి ఇంకేమీ అడగట్లేదు."

శనివారాలు కాస్తా వారానికి మూడు రోజులయ్యాయి. తుప్పు గీకడం, గుంటలు పూడ్చడం, పూడ్చినచోట నునుపు చేయడం. శాండ్‌పేపర్‌ని ఆయన నరసాపురం వడ్రంగుల్లా ఉప్పుకాగితం అనేవారు. పని మొదలుపెట్టే ముందు ఆయన చేసే ప్రార్థన ఒక్క ముక్క: "ప్రభువా, వేళ్ళు జాగ్రత్త." మరీ పొట్టిగా ఉందని నేను లోలోపల అనుకునేదాన్ని. నునుపు ఎలా చూడాలో ఆయన నేర్పిన పద్ధతి నాకు వింతగా ఉండేది. చేతికి పాత నూలు మేజోడు తొడిగించి, కళ్ళు మూసుకుని రేకు మీద నిమరమనేవారు.

"కళ్ళు తెరిచి చూస్తే అంతా నున్నగానే ఉంటుంది. మూసుకుని చెప్పు."

"బాగానే ఉందంకుల్."

ఆయన వచ్చి తన అరచెయ్యి ఒకసారి పోనిచ్చేవారు. "ఇదిగో, ఇక్కడ చీమ పడుకునుంది. అదిగో, అక్కడ గేదె. లేపు." మళ్ళీ మొదటికి. అలా చలికాలం గడిచింది. ఏప్రిల్‌కి బండి మొత్తం బూడిదరంగు ప్రైమర్‌తో, ఒక్క చీమ కూడా లేకుండా తయారైంది.

రంగు వెయ్యడానికి ముందురోజు సాయంత్రం గరాజ్ చుట్టూ ప్లాస్టిక్ పరదాలు కట్టాం. జిడ్డు తీసే మందుతో బండంతా ఆయనే స్వయంగా తుడిచారు, ముక్కు రేకుకి ఆనేంత దగ్గరగా వంగి. "ఇక పొద్దున్నదాకా దీన్నెవరూ ముట్టుకోకూడదు," అన్నారు. ఆంటీ భోజనానికి పిలిచింది. పర్సు మరిచిపోయానని చెప్పి నేను వెనక్కి వెళ్ళాను.

పర్సులో ఎప్పుడూ ఒక చిన్న సీసా ఉండేది. మా పాస్టరు అయ్యగారు ప్రార్థించి ఇచ్చిన ఆలివ్ నూనె. రోగుల నుదుటికి రాస్తాం, కొత్త ఇంటి గుమ్మానికి రాస్తాం, కొత్త కారు కొన్నా రాస్తాం. బైబిల్‌లో పితరులు రాళ్ళ మీద నూనె పోసి దేవుడికి ప్రతిష్ఠించిన సంగతి నాకు బాగా తెలుసు. బొటనవేలితో హుడ్, అంటే ముందు బానెట్ మీద ఒక సిలువ, డ్రైవర్ తలుపు మీద ఒకటి, వెనక తలుపు మీద ఒకటి గీశాను. ఆయన కళ్ళు బాగుచెయ్యమని కన్నీళ్ళతో అడిగాను. ముట్టుకోవద్దన్న మాట గుర్తుంది. ప్రార్థన ముట్టుకోవడం కిందికి రాదనుకున్నాను. చదివిన మెకానికల్ ఆ క్షణాన ఎక్కడికి పోయిందో తెలియదు. కళ్ళు బాగైతే సంఘంలో సాక్ష్యం ఎలా చెప్పాలో మాటలు కూడా కూర్చుకున్నాను.

మర్నాడు పొద్దున్న అంకుల్ స్ప్రే గన్ పట్టుకున్నారు. నేను లైటు పట్టుకున్నాను. హుడ్ మీద లేత ఆకుపచ్చ పడింది, మెరిసింది, పడినట్టే పడి అక్కడక్కడ పక్కకి జరిగిపోయింది. చిన్న చిన్న గుంటలు, వాటి అడుగున బూడిదరంగు ప్రైమర్. నిలువుగా ఒక వరస, అడ్డంగా ఒక వరస. తలుపు మీదా అంతే, వెనకా అంతే. ఆ గుంటల్ని చదవగలిగింది నేనొక్కదాన్నే.

అంకుల్ గన్ ఆపి బాగా వంగి చూశారు. ఆయనకి ఆకారం కనబడలేదు, గుంటలు మాత్రం కనబడ్డాయి. "జిడ్డుంది. సరిగ్గా తుడవలేదు నేను," అన్నారు. గన్ కింద పెట్టేసి, "నాకు కనబడలేదు," అన్నారు. బోర్లించిన బకెట్ మీద కూర్చుండిపోయారు. నేను నోరు తెరవలేదు.

రెండు రోజుల్లో ఆయన పాత బళ్ళు కొనే ఒకతనికి ఫోన్ చేసి శనివారం వచ్చి తీసుకుపొమ్మన్నారు. బుధవారం సాయంత్రం ఒక ఇంట్లో ప్రార్థన కూడిక జరిగింది. అంకుల్ రాలేదు. రూతమ్మ ఆంటీ లేచి, "కనబడనివాడు రంగు వెయ్యడమేంటి అంటున్నారు. గరాజ్ వైపే వెళ్ళట్లేదు, సరిగ్గా తినట్లేదు. ప్రార్థించండి," అని ఏడ్చింది. ఇది శత్రువైన సాతాను పని అని ఎవరో అన్నారు. అందరూ నావైపు చూశారు. "సుజాతమ్మా, నువ్వు చెయ్యమ్మా." మోకాళ్ళ మీదికి వంగాను. ఒక్క మాట రాలేదు. ఏడేళ్ళ వయసు నుంచీ అలా ఎన్నడూ జరగలేదు. చివరికి పక్కనున్న సహోదరి అందుకుంది.

కార్‌లో వినయ్, "ఏమైంది నీకు?" అన్నాడు. చెప్పాను. సిగ్నల్ దగ్గర కారాపి నావైపు తిరిగాడు. "యూ టర్న్ చెయ్యనా?"

"ఇప్పుడొద్దు. రేపు పొద్దున్నే వెళ్తాను."

"పొద్దున్నకి నువ్వొక మంచి రీజన్ కనిపెడతావు. అందులో వాక్యం కూడా పెడతావు. నాకు తెలీదా నీ సంగతి?" అని కారు తిప్పేశాడు.

ఇంకా వెలుతురుంది. ఆంటీ అప్పటికే ఇల్లు చేరింది, అంకుల్ వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉన్నారు. నిలబడే అంతా చెప్పాను. ఆయన అడ్డుపడకుండా విన్నారు.

"ఏ నూనె?"

"ఆలివ్ ఆయిల్, అంకుల్."

"ఎక్కడెక్కడ?"

ఆయన్ని గరాజ్‌లోకి తీసుకెళ్ళి, చెయ్యి పట్టుకుని హుడ్ మీద పెట్టాను. ఆయన కళ్ళు మూసుకుని ఆ గుంటల వెంట వేలు పోనిచ్చారు. పైనుంచి కిందికి. ఆ తరవాత అడ్డంగా, ఈ చివర నుంచి ఆ చివరకి.

"అయితే నేను బాగానే తుడిచానన్నమాట," అన్నారు.

"బాగా తుడిచారంకుల్. నేనే పాడుచేశాను."

"ఎందుకు చేశావు తల్లీ?"

"మీ కళ్ళ కోసం."

"నా కళ్ళ కోసమైతే నన్నొక మాట అడగలేకపోయావా?"

ఆయన ఇంట్లోకి కేకేశారు. "రూతూ! ఆ శనివారం వచ్చేవాడికి ఫోన్ చేసి రావద్దని చెప్పు." తరవాత బకెట్‌లో సబ్బు నీళ్ళు కలిపారు. ఉప్పుకాగితం ఒకటి తీసి రెండు ముక్కలు చేసి, ఒకటి నా చేతిలో పెట్టారు, ఒకటి తను ఉంచుకున్నారు. "ముందు జిడ్డు కడిగి తరవాత గీకాలి. నువ్వు ఆ పక్క నుంచి రా, నేనీ పక్క నుంచి వస్తా." క్షమించానని ఆయన అప్పుడు అనలేదు, ఆ తరవాతా అనలేదు. మధ్యలో మా చేతులు కలిసేదాకా ఇద్దరం గీకుతూనే ఉన్నాం.

మళ్ళీ ప్రైమర్ దాకా రావడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో ఆయన చూపు ఇంకొంచెం తగ్గింది. నా వల్ల పోయిన రోజులవి. ఈసారి స్ప్రే గన్ నా చేతికిచ్చారు. తను బకెట్ మీద కూర్చుని విన్నారు. నిజంగానే విన్నారు. "దగ్గరికెళ్ళిపోయావు, చప్పుడు లావైంది. వెనక్కి రా. ఆ... అలాగే పో. మధ్యలో ఆగకు, నువ్వేం ప్రసంగం చెయ్యట్లేదు."

రంగు ఆరాక ఒక ఉదయం వినయ్ బండిని మెల్లగా ఎండలోకి తీసుకొచ్చాడు. అంకుల్ దానికి ఎదురుగా నిలబడ్డారు. అప్పుడాయన తల పక్కింటి వైపు తిప్పారు.

"ఎటు చూస్తున్నారండీ, బండి ఇటుంటే?" అంది ఆంటీ.

"ఎదురుగా చూస్తే మధ్యలో మచ్చొస్తోంది రూతూ. పక్కకి తిరిగితే అంచులోంచి కనబడుతోంది. ఉండు, మాట్లాడకు." అలాగే తల పక్కకి పెట్టుకుని ముందు నుంచి వెనకదాకా, వెనక నుంచి ముందుదాకా నడిచారు. "అదే పచ్చ," అన్నారు. "లేత మొక్కజొన్న ఆకు."

ఆంటీ చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. నేను, "ప్రార్థన చెయ్యనా అంకుల్?" అని అడిగి, అలవాటుగా కళ్ళు మూసుకుని, మళ్ళీ తెరిచాను. "ఏం అడగమంటారు?"

నా జీవితంలో ఎవరినైనా ఆ మాట అడగడం అదే మొదటిసారి.

ఆయన ఆలోచించారు. "కళ్ళ సంగతి ఆయనకి నేను చెప్పుకున్నాలే. రూతుకి ఈ బండి రివర్స్ చెయ్యడం రావాలని అడుగు. ఇకమీద నడపాల్సింది తనే కదా."

"నేనా? ఈ ఓడనా? నన్నడిగారా అసలు?"

"అదేగా, దేవుడితో అడిగిస్తున్నా!"

అందరం నవ్వాం, తరవాత తలలు వంచాం. అద్దాల కోసం, బ్రేకుల కోసం, వీధి చివర మలుపు కోసం, రూతమ్మ ఆంటీ ధైర్యం కోసం వివరంగా ప్రార్థించాను. అంత చిన్న విషయానికి అంత మనస్ఫూర్తిగా నేనెప్పుడూ అడగలేదు.

అంకుల్ రెండేళ్ళ కిందట ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. చూపు తిరిగి రాలేదు. ఆంటీ ఇప్పటికీ ఆదివారాలు ఆ వ్యాగన్‌లో అపార్ట్‌మెంట్ల చుట్టూ తిరిగి, పిల్లల దగ్గరికి వచ్చి ఉంటున్న పెద్దవాళ్ళని ఎక్కించుకుని గుడికి వస్తుంది. రివర్స్‌లో పార్క్ చేస్తుంది, ఒక్కసారిలో.

నన్ను ఇప్పటికీ ప్రార్థనకి పిలుస్తారు. కిందటి వారం ఒక అమ్మాయి ఫోన్ చేసింది. భర్త ఉద్యోగం పోయిందట, వీసా గడువు దగ్గరపడిందట. నేను వెంటనే మొదలుపెట్టలేదు. నీకేం కావాలమ్మా అని అడిగి ఆగాను. ఉద్యోగం అంటుందనుకున్నాను. "ఆయన మా నాన్నకి ఫోన్‌లో నిజం చెప్పగలగాలక్కా, నాలుగు వారాలుగా అబద్ధమాడుతున్నారు," అంది. దానికోసం ప్రార్థించాం. నేను అడగకుండా ఉంటే ఆ మాట బయటికి వచ్చేది కాదు. ఎవరు పిలిచినా, ఆ మాట వినేదాకా ఇప్పుడు నేను కళ్ళు మూసుకోను.