మల్లె డబ్బాలో గుడ్డిపాము

వాన పడినప్పుడల్లా మా చెలక ఎర్రమన్ను వాసన కోసం ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది. తెలంగాణ వచ్చిన కొత్తలో మేము దేవరకొండ వైపు పల్లె విడిచి చౌటుప్పల్‌లో కిరాయికి దిగాం. బాపు పోయాక అమ్మకు అక్కడి మందుల కంపెనీలో ప్యాకింగ్ పని దొరికింది, నాకు ఇంటర్‌లో సీటు. సామానుతో పాటు అమ్మ రంగు డబ్బాలో ఒక మల్లెచెట్టు తెచ్చింది. అందులో ఉన్నది బాపు చెలకలోంచి తవ్వి నింపిన మన్ను. చెలక కౌలుకిచ్చేశాం కాబట్టి ఇక మన భూమి ఈ డబ్బాడు మన్నే అని నేను ఎగతాళి చేసేదాన్ని. అమ్మకు ఆ మాట నచ్చేది కాదు.

తొలివానలకు డబ్బా అడుగు రంధ్రంలోంచి నల్లటిదేదో గచ్చు మీదికి పాకింది. జానెడు కూడా లేదు. వానపామనుకొని చీపురుతో నెట్టబోయాను. అది మెరుస్తూ మెలికలు తిరిగి, సన్నని నాలుక చాపింది. నా కేక విని పై అంతస్తు నుంచి ఇంటామె దిగివచ్చింది. మొగుడు వదిలేసి పోతే కుట్టుమిషన్ మీద ఇద్దరు కూతుళ్లను పెంచిన మనిషి, నోరు మాత్రం కత్తి. ఇది గుడ్డిపామని, నిద్రలో చెవిలో దూరుతుందని, తెల్లారేసరికి డబ్బా పారబోస్తారో ఇల్లు ఖాళీ చేస్తారో మీ ఇష్టమని తేల్చేసింది.

అమ్మ ముఖం పాలిపోయింది. బాపు చేతి మన్ను మోరీలో పోయడం ఆమె వల్ల కాదు. ఇంకో ఇల్లు వెతకడమూ కాదు. అయినా గొడవకు దిగలేదు. వంగి పామును అరచేతిలోకి తీసుకుంది. చెలకలో రాయి లేపితే చాలు ఇవి కనబడేవని, చీమల గుడ్లు, చెదలు తిని బతుకుతాయని, ఎవరినీ ఏమనవని నెమ్మదిగా చెప్పింది. ఇంటామె వినలేదు.

నాకు ఉక్రోషం వచ్చింది. కాలేజీలో విన్నది బయటికి తీశాను. ఈ పాముల్లో మగవే ఉండవట, ఆడది ఒక్కతే గుడ్లు పెడుతుందట అన్నాను. ఇంటామె నన్ను ఎగాదిగా చూసి, తరువాత పామును చూసింది.

"మొగోడే లేడా దీనికి?" అంది.

అమ్మ మల్లె మొదట్లో వేలితో గుంత చేసి పామును వదిలింది. అది చప్పున మన్నులోకి దూరింది.

"ఒక్కతె కనుడు పెద్ద ముచ్చట గాదక్కా," అంది అమ్మ. "ఒక్కతె సాదుడు ఎట్లుంటదో నీకెరుక, నాకెరుక."

ఇంటామె తానే కొంగు దోపుకొని వంగి, డబ్బాకు ఒక పక్క పట్టింది. అమ్మ రెండో పక్క పట్టుకుంది. ఇద్దరూ కలిసి దాన్ని ఎండపడే గోడవారకు జరిపారు.