అవ్వ బొట్టు పెట్టిన క్లచ్ ప్లేటు

మా అవ్వ మోకాళ్లకు లోకంలో ఒక్క కారే సరిపోతుంది. అది బాపు అంబాసిడర్. మా ఇంట్లో అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ పిలుస్తాం. చిన్న కార్లలో కాళ్లు మడవాలి, మడిస్తే మళ్లీ తెరుచుకోవు. పెద్ద కార్ల సంగతి ఆమె మాటల్లోనే చెప్పాలి: "ఎక్కుడు గాదది, ఎగబాకుడు!" అంబాసిడర్ వెనక సీటులో మాత్రం మంచం మీద కూర్చున్నట్టు కూర్చుంటుంది. బాపు పోయాక ఆ కారు నాకొచ్చింది. కరీంనగర్‌లో యాభై దాటిన ఆడది అంబాసిడర్ నడుపుతుంటే జనం తిరిగి తిరిగి చూస్తారు. చూస్తే చూడనీ, నాకేం? ఇంకోసారి హారన్ కొడతాను.

సరిగ్గా చిన్నమ్మ ప్రయాణం ఉన్న వారమే దానికి క్లచ్ పోవాలా? నిర్మల్‌లో ఉండే చిన్నమ్మ, అవ్వకు ఒక్కగానొక్క చెల్లెలు, శనివారం మస్కట్ పోతోంది. ఒక్కతే ఎట్లా ఉంటావని అక్కడున్న కూతురు పట్టుబట్టింది. పోతే ఇక అక్కడే. ఇద్దరికీ డెబ్బై దాటాయి, మళ్లీ ఎవరు ఎవరిని చూస్తారో దేవుడికే ఎరుక. "దాని మొఖం చూడకుంట పంపితే నా పాణం కొట్టుకుంటది బిడ్డా," అని అవ్వ పొద్దునొకసారి, మాపొకసారి అనేది. చెల్లెలి కోసం పెట్టిన మామిడికాయ తొక్కు జాడీకి గుడ్డ కట్టి గడప దగ్గరే పెట్టుకుంది.

బాపు కాలం నుంచీ ఆ కారు చూసే మెకానిక్‌ను అందరూ ఉస్తాద్ అంటారు. ఆయన మా వాకిట్లోనే గేర్‌బాక్సు దింపి కొత్త క్లచ్ ప్లేటు తెచ్చాడు. అవ్వ కుర్చీ వేయించుకుని ఎదురుగా కూర్చుంది. మా ఇంట్లోకి ఏ కొత్త సామాను వచ్చినా బొట్టు పెట్టనిదే వాడం. మిక్సీకి పెట్టాం, బోరు మోటారుకు పెట్టాం, ప్లేటును ఎందుకు వదులుతుంది? మధ్యలో ఎత్తుగా ఉన్న చోట పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఉస్తాద్ చేతికిచ్చింది.

"బొట్టు ముందటి దిక్కుండాలె నాయినా. బండి పోయేది ముందటికి గదా!"

ఉస్తాద్ ప్లేటును అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, అవ్వ ముఖం చూశాడు, బిగించాడు. నేను లోపల చాయ్ పెడుతున్నాను.

గురువారం సాయంత్రం ఇంజన్ స్టార్ట్ చేసి, క్లచ్ అడుగుదాకా తొక్కి గేరు వేశాను. గర్ర్‌మంది. మళ్లీ తొక్కాను, మళ్లీ గర్ర్. గేరు పడితే ఒట్టు. కాలు తొక్కుతూనే ఉంది, లోపల ప్లేటు మాత్రం ఇంజన్‌ను విడవడం లేదు.

పెడల్ కింద మ్యాట్ అడ్డమేమో అన్నాడు ఉస్తాద్. మ్యాట్ పీకి పారేశాను. క్లచ్ ఆయిల్ పైపులో గాలి ఉందేమో అన్నాడు. ఆయన బండి కింద పడుకుని "తొక్కు అక్కా! పట్టు! ఇగ ఇడువు!" అని అరుస్తుంటే, నా పిక్క రాయి అయ్యేదాకా తొక్కాను. గాలీ లేదు, గీలీ లేదు.

"కింద రాడ్ మంచిగనే కదులుతుంది అక్కా. మరి గీ ప్లేటుకు ఏం రోగమొచ్చింది?" అన్నాడు. రోగం నాకొచ్చేలా ఉంది.

శుక్రవారం పొద్దున పక్కింటి రిటైర్డ్ బస్సు డ్రైవర్ గోడ మీది నుంచి సలహా పడేశాడు. కొత్త ప్లేటు అంటుకుపోయి ఉంటుందట. గేరులోనే స్టార్ట్ చేసి, క్లచ్ తొక్కిపెట్టి, రోడ్డు మీద కుదుపులు ఇస్తూ నడిపితే ఊడి వస్తుందట. సరే అని తాళం తిప్పాను. బండి ఒక్క దూకు దూకి, గేటు బయట ఆయన పెట్టుకున్న బకెట్టునే తొక్కుకుంటూ వీధిలో పడింది. సలహా ఇచ్చినందుకు బాగా అయిందనుకున్నాను.

టవర్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్ కానిస్టేబుల్ చెయ్యెత్తాడు. ఆపితే ఇంజన్ చస్తుంది, మళ్లీ స్టార్ట్ చేస్తే ముందున్న ఆటో మీదికి దూకుతుంది. కిటికీలోంచి దండం పెట్టి "ఆగది తమ్మీ, ఆగది!" అంటూ చుట్టు తిరిగాను. మళ్లీ వచ్చేసరికి, పాపం, ఆయనే మిగతా బండ్లన్నీ ఆపి నాకు దారిచ్చాడు. ఇంత సర్కస్ చేసి ఇంటికొచ్చినా ప్లేటు విడవలేదు. కోపం పట్టలేక టైరును ఒక్క తన్ను తన్నాను. బొటనవేలు వాచింది.

అవ్వ గడపలో జాడీ పక్కన కూర్చుని ఉంది. "రేపటికి కాదా బిడ్డా?" అంది మెల్లగా. ఆ మాటకు నా కోపమంతా నీరైపోయింది. "అయితది అవ్వా, ఎందుకు గాదు?" అని, గేర్‌బాక్సు మళ్లీ దింపమన్నాను.

ప్లేటు బయటికొచ్చింది. బొట్టు కాస్త చెదిరింది గానీ ఉంది. దాని చుట్టూ ఇనుము రాసుకుని తళతళలాడుతోంది.

ఉస్తాద్ నేల చూపులు చూస్తూ చెప్పాడు. "గీ ఎత్తు దిక్కు గేర్‌బాక్సు మొఖాన ఉండాలె అక్కా. ముందటికి, అంటే ఇంజన్ దిక్కు పెడితే గక్కడి బోల్టులకు తట్టుకుంటది. ఎంత తొక్కినా ఇడువది."

"గది నీకు ఎరుక లేదా?"

"ఎరుక లేకేంది? చేతుల పట్టుకోంగనే అనుమానమైంది. పెద్దమ్మ ఎదురుంగ కూసున్నది. ఆమెతోని ఎవలు పెట్టుకుంటరు?"

"మరి మ్యాట్ పీకిచ్చినవ్, గాలి తీయిచ్చినవ్, నన్ను బజార్ల ఊరేగిచ్చినవ్!"

"బొట్టు మీద అనుమానపడుడు మంచిగుండదని..." అని నసిగాడు.

అవ్వ ఏమైనా తగ్గిందా? "బొట్టు పెట్టింది నేను. బిగిచ్చింది నువ్వు," అని తేల్చేసి, కుంకుమ భరిణె తెచ్చి రెండో వైపు కూడా పెట్టింది. ఈసారి ఎటు బిగించినా ఆమెకు అభ్యంతరం లేదు.

శనివారం పొద్దున గేరు వెన్నలా పడింది. నాకు ఏడుపొచ్చేసింది, నిజం. గోదావరి దాటి నిర్మల్ చేరేసరికి చిన్నమ్మ గుమ్మం ముందు ట్యాక్సీ నిలబడి ఉంది, పెట్టెలు పైన కట్టేశారు. అవ్వ దిగనక్కర్లేకపోయింది. చిన్నమ్మే గబగబా వచ్చి వెనక సీటులో అక్క పక్కన కూర్చుని తలుపు వేసుకుంది. నేను దిగి దూరంగా నిలబడ్డాను. అద్దంలోంచి చూస్తే ఒకరి చేయి ఒకరు పట్టుకుని కొట్లాడుకుంటున్నట్టే ఉంది. ట్యాక్సీ డ్రైవర్ హారన్ కొట్టాడు. చిన్నమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, జాడీ చంకన పెట్టుకుని దిగింది. ట్యాక్సీ వెళ్లిపోయింది.

నేను వచ్చి ఇంజన్ స్టార్ట్ చేశాను.

"ఏమన్నది అవ్వా చిన్నమ్మ?"

"తిట్టింది." అవ్వ ఖాళీ గుమ్మం వైపే చూస్తోంది. "అక్క మొఖం చూడంది బండెక్కనని బిడ్డతోని ఫోన్ల లొల్లి పెట్టుకొని కూసున్నదట. 'రాకుంటే పోకపోయేదాన్ని, ఎందుకొచ్చినవే అక్కా?' అన్నది."

నేను ఇంజన్ ఆపేశాను.