మేజర్ వదిలిన పక్షులు

విన్నీ గారోడ్ గీసిన ఆకాశంలోకి, ఆమెను మాట మాత్రమైనా అడక్కుండా, ఐదు తెల్ల పక్షుల్ని వదిలాడు మేజర్ టిండల్. పక్షులతో ఆగినా కొంత నయం. కింద, బురదకీ నీటికీ మధ్య ఆమె వట్టి కాగితంగా వదిలేసిన వెలుగు చారలో ఎర్ర తెరచాప పడవనొకదాన్ని దించాడు. ఆపైన ఫ్రేము కట్టించి, అద్దం బిగించి, తను నడిపే వెన్‌ఫ్లీట్ చిత్రకళా సంఘం వేసవి ప్రదర్శనకని చర్చి హాలు గోడకు తగిలించాడు. మూలన ఉన్న విన్నీ సంతకం జోలికి మాత్రం పోలేదు. పెద్దమనిషి కదా, ఒకరి పేరు చెరపడం ఆయన మర్యాదకు తగదు.

దాన్ని మొదట చూసినవాడు డెనిస్ థర్కెటిల్, ఊరి పోస్ట్‌మాన్. ముప్పై నిండలేదు గానీ ముఖంలో అరవయ్యేళ్ళ విసుగు. చిన్నప్పుడే బడి మానేసి, లైబ్రరీలో చేతికందిందల్లా చదివి, చదివినకొద్దీ ఊరి మీద రోత పెంచుకున్నాడు. ఆ ఉదయం ఉత్తరాలివ్వడానికి హాల్లోకి వెళ్ళాడు. తడిసిన కోట్ల వాసన, చేప ముద్ద పూసిన శాండ్‌విచ్‌ల వాసన కలిసి ముక్కుపుటాలు అదిరాయి. గోడల నిండా గులాబీ తీగలు పాకిన కుటీరాలు, బుట్టలో పిల్లికూనలు, మళ్ళీ గులాబీలు. వాటి మధ్య ఆ బొమ్మ. ముందు గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక, ఇవ్వాల్సిన ఉత్తరాలు చేతిలోనే ఉండిపోయాయి.

ఎందుకంటే ఆ ఆకాశాన్ని, దాని రంగు ఇంకా తడిగా ఉన్నప్పుడే, అతను చూశాడు.

విన్నీ రైల్వే గేటు కాపలా మనిషి. ఊరికి దూరంగా, రైలు కట్ట చిత్తడి నేలను దాటి సముద్రపు పాయ వైపు తిరిగే చోట ఆమె గది. పట్టాల మీద పనిచేసే మొగుడు పోయాక గేటు ఆమెకిచ్చారు. గంట మోగితే గేట్లు వేయాలి, రైలు పోయాక తీయాలి. ఆ మధ్య వేళల్లో కిటికీ ముందు బల్ల మీద బొమ్మలు వేసేది. పలకకు అంటించిన కాగితం, మూడు రంగులు, ఒకటే కుంచె, జాడీలో నీళ్ళు. కాగితం మొత్తం తడిపి, పలకను కాస్త వంచి, పైనుంచి కిందికి ఒకే పూత లాగేది. రంగు తన దారిన తను జారి, ఒకచోట చిక్కబడి, ఒకచోట పలచబడి మబ్బయ్యేది. తెల్లరంగు ఆమె పెట్టెలోనే లేదు. తెలుపు కావాలంటే ఆ మేర కాగితాన్ని ముట్టుకోకుండా వదిలేయడమే.

సరిగ్గా అప్పుడు గంట మోగేది. కుంచె జాడీలో పడేసి బయటికి పరుగెత్తేది. తిరిగొచ్చేసరికి పూత సగం ఆరి ఉండేది. సగం ఆరినదాని మీద మళ్ళీ తడి కుంచె పెడితే నీళ్ళు పాకి కాలీఫ్లవర్ లాంటి మరక లేస్తుంది. ఇక దాన్ని బాగుచేయడం ఎవరి తరమూ కాదు. మొదట్లో అలా బోలెడు ఆకాశాల్ని తగలేసింది. ఆ తర్వాత గంట మోగాక మళ్ళీ ముట్టుకోకూడదని ఒట్టు పెట్టుకుంది. ఊళ్ళో వాళ్ళు సగం సగం పని అనేది ఆ ఒట్టునే.

ఆ వసంతంలో ఒకరోజు రైలు పోయి ఆమె గదిలోకి తిరిగొచ్చేసరికి డెనిస్ ఉత్తరంతో వచ్చాడు. బల్ల మీది బొమ్మ ఇంకా తడారలేదు. కాగితంలో ముప్పావు వంతు ఆకాశం. అడుగున బురద ఒక గోధుమరంగు గీత, దాని పైన తెల్లటి చార. ఇంకేమీ లేదు.

"అంతేనా?" అన్నాడు.

"గంట మోగిందిగా."

అతను చూస్తూ నిలబడ్డాడు. తనకు తెలియకుండానే కోటు కాలర్ పైకి లాక్కున్నాడు. విన్నీ ఓరగా చూసి, "అయితే గాలి తగిలిందన్నమాట," అంది. పొగడ్తలంటే గిట్టని ఆ మనిషి ముఖం అలా వెలగడం డెనిస్ అంతకుముందు చూడలేదు.

అతనిచ్చిన ఉత్తరం రైల్వే వాళ్ళది. ఆ ఏడు ఆకులు రాలే కాలానికి ఈ దారిలో రైళ్ళు ఆపేస్తున్నారు. గేటు ఉండదు, గది ఉండదు, ఆ కిటికీ ఉండదు. అందుకే ఆమె ఎన్నడూ లేనిది ఆ బొమ్మను సంఘానికి ఇచ్చింది. ఎన్నో ఏళ్ళుగా ఆ హాలు గోడ మీద ఒక మేకు తనకూ దక్కాలని కోరిక. గేటు మనిషిని సభ్యురాలిగా చేర్చుకోవడానికి వాళ్ళకు మనసు రాలేదు. కాదనడానికి నోరూ రాలేదు. "వచ్చే ఏడాది చూద్దాం మిసెస్ గారోడ్," అంటూ నెట్టుకొచ్చారు. ఇక వచ్చే ఏడాది లేదు. ఫ్రేము లేని బొమ్మను గోడకెక్కించరు కాబట్టి, ఆ పని నేను చూస్తానని మేజర్ స్వయంగా వచ్చి తీసుకెళ్ళాడు.

డెనిస్ హాల్లోంచి సైకిల్ తొక్కుకుంటూ తిన్నగా గేటుకు పోయాడు. విన్నీ బ్రష్షూ బకెట్టూ పట్టుకుని గేటు మీద పక్షుల రెట్ట కడుగుతోంది.

"మీ బొమ్మ పెట్టారు," అన్నాడు రొప్పుతూ.

"పెడితే ఏడుపు ముఖం దేనికి?"

"దాంట్లో పక్షులున్నాయి."

ఆమె బ్రష్షు ఆగింది. "పక్షులా?"

"సముద్రపు పక్షులు. తెల్లవి. పడవొకటి కూడా."

"ఎన్ని?"

"ఐదు."

విన్నీ గేటు మీది తెల్ల మరకలకేసి, తర్వాత బకెట్లోకి చూసింది. "పెళ్ళై వచ్చిన కాడ్నించీ వీటి రెట్ట కడుగుతున్నానబ్బాయ్. నా ఆకాశంలో కూడా వీటిని మేపాలా?" అని బ్రష్షును బకెట్లోకి విసిరింది.

"తడిగుడ్డతో తుడిస్తే పోవూ?"

"అది జిగట తెలుపు. పోతుంది, కింది ఆకాశాన్ని కూడా లాక్కుని పోతుంది. ఒక్కసారి వేసిన పూతరా అది. మళ్ళీ వెయ్యడానికి నాకు కిటికీ ఏది?"

శనివారం బహుమతుల సభ. ఆ బొమ్మకే వెండి కప్పు అని ఊరంతా తెలిసిపోయింది. కప్పుతో పాటు సభ్యత్వమూ ఇస్తున్నారని అందరూ గుసగుసలాడుకున్నారు. విన్నీ చర్చికి వేసుకునే నీలం కోటు తొడుక్కుని, టోపీ పెట్టుకుని వచ్చింది. డెనిస్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కప్పు కోసం నోరు మూసుకుంటుందేమోనని అతనికి భయం. మూసుకున్నా తప్పుపట్టలేడు. అది మరీ కంపరంగా ఉంది.

చర్చి పాస్టరు భార్య మిసెస్ ఆస్‌గుడ్ టీ కప్పుతో ఎదురొచ్చింది. "ఎంత బాగున్నాయి మిసెస్ గారోడ్ ఆ పక్షులు! అరుపులు వినిపిస్తున్నాయనుకోండి. మీరెప్పుడూ మధ్యలో వదిలేస్తారని అనుకునేదాన్ని. చూశారా, కాస్త ఓపిక పడితే ఎంత వచ్చిందో!"

"ఓపిక నాది కాదండీ," అంది విన్నీ.

అంతలో మేజర్ వచ్చాడు. పొడవాటి మనిషి. ఎప్పుడూ కాస్త చెమ్మగా ఉండే చేతులు. ఆ చేత్తో ఆమె భుజం తట్టాడు. డెనిస్‌కు తన భుజం మీద నత్త పాకినట్టయింది.

"ఏమీ అనుకోరు కదా, మిసెస్ గారోడ్? ఏదో చిన్న మెరుగు. అంత చక్కటి ఆకాశం బోసిగా ఉండిపోయింది, పాపం అనిపించింది."

"పాపమా?"

"చూసేవాళ్ళకు కన్ను నిలవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా."

"మీ కన్ను నిలవకపోతే డాక్టరుకు చూపించుకోవాలండీ మేజర్."

ఎవరో కిసుక్కున నవ్వి, నవ్వును దగ్గుగా మార్చేశారు. మేజర్ కూడా నవ్వాడు. తిట్టును హాస్యం కింద జమకట్టుకోవడం ఆ జనానికి ఉగ్గుపాలతో వచ్చిన విద్య.

విన్నీ గోడ దగ్గరికి వెళ్ళి బొమ్మను మేకు మీద నుంచి దించింది. కప్పు ఇచ్చేటప్పుడు పట్టుకోవడానికి కాబోలనుకుని అందరూ దారిచ్చారు. టీ బల్ల మీద శాండ్‌విచ్‌ల పళ్ళెం పక్కకు జరిపి బొమ్మను బోర్లా పెట్టింది. కేకు కోసే కత్తి తీసుకుని, వెనక అట్టకు కొట్టిన మేకుల్ని ఒక్కొక్కటీ పెకలించింది. మిసెస్ ఆస్‌గుడ్ "నా కత్తి!" అని మాత్రం అనగలిగింది. విన్నీ కాగితాన్ని బయటికి తీసి వెల్లకిలా పరిచింది. పక్షుల పని అయిపోయిందనుకున్నాడు డెనిస్. సంతోషంగా గోడ వదిలి ఒక అడుగు ముందుకేశాడు.

ఆమె చేతి రుమాలు తీసి, ఒక కొస నాలుక మీద పెట్టుకుని, ఉమ్మితో తడిపింది. ఆ ఊళ్ళో ప్రతి తల్లీ బస్సెక్కేముందు పిల్లాడి మూతి తుడిచే తీరు అదే. తుడిపించుకోని మొహం ఆ హాల్లో ఒక్కటి లేదు. ఆ తడి కొసతో కాగితం మూలన ఉన్న తన సంతకాన్ని, జాగ్రత్తగా, మళ్ళీ మళ్ళీ అద్దింది. నల్లటి అక్షరాలు రుమాలులోకి ఎక్కాయి. మూలన తడి మచ్చ మిగిలింది. పక్షుల్ని ముట్టుకోలేదు.

"మిసెస్ గారోడ్, మీకు మేలు చేద్దామనే..." అన్నాడు మేజర్. చెవులు ఎర్రబడ్డాయి.

"తెలుసండీ. పక్షులు మీవి, పడవ మీది. పేరు కూడా మీదే పెట్టుకోండి. సిగ్గేస్తే మానెయ్యండి."

రుమాలు మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయింది. తలుపు మూసుకుంది. మిసెస్ ఆస్‌గుడ్ టీ కూజా ఎత్తి, "ఎవరికైనా ఇంకొంచెం?" అంది. అందరూ కప్పులు చాపారు. డెనిస్‌కు జీవితంలో అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు. ఒకళ్ళు కేక వేసినా, ఒకళ్ళు ఆమెను తిట్టినా భరించేవాడు. వాళ్ళు వాతావరణం గురించి మాట్లాడుకున్నారు.

మేజర్ సంతకం పెట్టలేదు. అయినా ఆ పక్షులు ఎగరడం మానలేదు. మరుసటి వేసవికి ఊరి వర్తకులు ఆ బొమ్మను బిస్కెట్ల డబ్బా మూత మీద అచ్చేయించారు. సెలవులకొచ్చినవాళ్ళు ఎగబడి కొన్నారు. ఎవరు వేశారో ఎవరూ అడగలేదు.

ఈలోగా రైళ్ళు ఆగాయి. పట్టాలు పీకేశారు. విన్నీకి గ్యాసు ఫ్యాక్టరీ వెనక, ఊరి కౌన్సిల్ వాళ్ళు అద్దెకిచ్చే ఇల్లొకటి దొరికింది. కిటికీలోంచి చూస్తే ఇటుక గోడ, దానిమీద రుమాలంత ఆకాశం. ఆకాశమైతే ఉంది గానీ గంట లేదు. ఆపేవాళ్ళు లేక ఆమె చెయ్యి ఆగలేదు. ఒకరోజు డెనిస్ వెళ్ళేసరికి నేల మీద చించిన కాగితాలు కుప్పగా పడి ఉన్నాయి. అన్నిటి మీదా కాలీఫ్లవర్ మరకలు.

"ఛీ, కెలుకుతున్నానబ్బాయ్," అంది రోతగా. "పిండి కలిపినట్టు కెలుకుతున్నా. నాకూ మేజర్‌కీ ఇక తేడా ఏముంది?"

మర్నాటినుంచి డెనిస్, ఉత్తరం ఉన్నా లేకపోయినా, ఆ తలుపుకు ఉత్తరాలు వేసే కంత మీది రేకు మూతను ఠక్కున కొట్టి పోయేవాడు. ఎన్ని గంటలకొస్తాడో ఆమెకు తెలుసు. దానికి కాస్త ముందు పూత మొదలుపెట్టేది. రేకు చప్పుడు వినగానే కుంచె జాడీలో పడేసేది. దీని గురించి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. చించిన కాగితాల కుప్ప మాత్రం మాయమైంది.

రెండేళ్ళకు అతనికి పెద్ద పోస్టాఫీసుకు బదిలీ అయింది. ఊరు వదులుతున్నందుకు పీడ విరగడైందనుకున్నాడు. ఈ ఒక్క తలుపు దగ్గర మాత్రం అలా అనుకోలేకపోయాడు. చివరి రోజు రేకు కొట్టి, నిలబడ్డాడు. ఆమె తలుపు తీసింది.

"రేపట్నుంచి కొత్తవాడొస్తాడు," అన్నాడు. "రేకు కొట్టమని చెప్పాను. పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు."

"కొడతాడా?"

"కొడతానన్నాడు."

"అయితే లోపలికి రా. బూట్లు తుడుచుకో."

బల్ల మీద తడి ఆకాశం వాలుగా ఆరుతోంది. పక్కన బిస్కెట్ల డబ్బా మూత బోర్లా పడి ఉంది. లోపలి తెల్లటి రేకు మీద ఆమె రంగులు కలుపుకుంటోంది. మేజర్ పక్షులు కింద బల్లకేసి ముఖం పెట్టుకుని పడున్నాయి. డెనిస్ చాలాకాలం తర్వాత నోరారా నవ్వాడు. మళ్ళీ ఆకాశం వైపు తిరిగాడు. ఇటుక గోడ లేదు. ఆ పాత గాలే, ఆ పాత చలే. చెయ్యి కాలర్ మీదికి పోబోయింది.

అంతలో ఎక్కణ్ణించో చిన్న పురుగొకటి వచ్చి తడి పూత మీద వాలి, అంటుకుపోయింది. మబ్బు అంచున, దూరంగా ఎగిరే పక్షి లాగే ఉంది. అయ్యో, అంత చక్కటి ఆకాశం పాడైపోతోందని అతని వేలు దానంతటదే ముందుకు పోయింది.

విన్నీ అతని మణికట్టు పట్టుకుంది.

"చెయ్యి తియ్యి అబ్బాయ్," అంది. "దాన్ని ఎవడూ పెట్టలేదు. అదే వచ్చింది. ఉండనీ."